పీఏఆర్ కావాలా, ఐఎల్ఎస్ చాలా? ఓర్వకల్లు రన్‌వేను ముందు పెట్టుకుని ఒక లెక్క

యుద్ధ విమానాన్ని మబ్బులోంచి రన్‌వే దాకా తెచ్చే సాధనాల్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. దిగబోయే విమానంలో ఏ రిసీవర్లున్నాయి? కింద రాడార్ తెర (స్కోపు) ముందు కూర్చోడానికి చెయ్యి తిరిగిన కంట్రోలర్లు ఎందరున్నారు? ఇవి వదిలేసి కచ్చితత్వం పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రెసిషన్ అప్రోచ్ రాడార్, అంటే పీఏఆర్, ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్‌కు, అంటే ఐఎల్ఎస్‌కు, దాదాపు సమానంగానే కనిపిస్తుంది. తేడా అంతా పట్టికకు బయట ఉంది.

లెక్క వేయడానికి ఒక నేల కావాలి కాబట్టి ఓర్వకల్లును తీసుకుందాం. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఉన్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం అది. 2021 మార్చిలో మొదలైంది. రన్‌వే 2000 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. పౌర విమానాశ్రయం, అక్కడ దిగేవి ఏటీఆర్ లాంటి చిన్న విమానాలు. ఫైటర్లకైతే మామూలుగా 2700 మీటర్ల పైచిలుకు చూసుకుంటారు. అందుకని అక్కడ పీఏఆర్ పెట్టమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ ఎండ, ఆ రాళ్ళగుట్టలు, పక్కనే ఉన్న నల్లరేగడి మనకు తెలిసినవే గనక కొలతలు కళ్ళముందు నిలుస్తాయి, అంతే.

తెలివి ఎక్కడుంది: నేల మీదా, విమానంలోనా

పీఏఆర్‌లో తెలివంతా నేల మీదే. 9 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో, ఎక్స్ బ్యాండ్‌లో పనిచేసే ఈ రాడార్ రెండు సన్నని కిరణాలతో విమానం దిగే దారిని ఊడుస్తుంది. ఒకటి అడ్డంగా 20 డిగ్రీలు, ఇంకొకటి నిలువుగా 7 డిగ్రీలు. స్కోపు మీద ఒక బొమ్మ గ్లైడ్ పాత్‌ది (కిందికి దిగే వాలు దారి), మరొకటి సెంటర్‌లైన్‌ది (రన్‌వే నడిమి గీత, దాని పొడిగింపు). విమానం చుక్క గీతకు ఎటు జరిగిందో చూసి కంట్రోలర్ నోటితో చెబుతారు, పైలట్ సరిదిద్దుకుంటాడు. దీన్నే టాక్‌డౌన్ అంటారు. విమానంలో కావాల్సింది పనిచేసే రేడియో ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎంఐటీ రేడియేషన్ లాబొరేటరీలో లూయీ అల్వారెజ్ బృందం తయారుచేసిన పద్ధతి ఇది. 1948–49లో బెర్లిన్‌కు సరుకులు మోసిన విమానాలు చలికాలపు పొగమంచులో దిగింది ఈ మాట సాయంతోనే.

ఐఎల్ఎస్‌లో సగం తెలివి విమానంలో ఉంటుంది. రన్‌వే అవతలి కొస దాటాక నిలబెట్టిన, ఎడమ కుడి దారి చూపే లోకలైజర్ 108–112 మెగాహెర్ట్జ్ మధ్య, టచ్‌డౌన్‌కు (చక్రాలు నేల తాకే చోటుకు) పక్కగా ఉండే గ్లైడ్ పాత్ యాంటెన్నా 329–335 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తాయి. రెండింటిలోనూ 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ స్వరాలుంటాయి. ఏ స్వరం ఎక్కువగా వినిపిస్తోందో విమానంలోని రిసీవర్ కొలిచి సూదిని అటు తిప్పుతుంది. ఎవరూ మాట్లాడక్కర్లేదు. పైలట్ వద్దనుకుంటే ఆటోపైలట్టే ఆ సూదిని పట్టుకుని దిగుతుంది.

మూడోది సర్వైలెన్స్ రాడార్ అప్రోచ్. విమానాశ్రయం చుట్టూరా చూస్తూ తిరిగే మామూలు ఎస్ బ్యాండ్ రాడార్‌తోనే సెంటర్‌లైన్ మీదికి తెచ్చి, ఏ మైలు దగ్గర ఎంత ఎత్తుండాలో చదివి వినిపిస్తారు. విమానం నిజంగా ఆ ఎత్తులో ఉందో లేదో రాడార్‌కు కనిపించదు. అది పైలట్ ఆల్టీమీటర్ చూసుకోవాల్సిందే.

నాలుగోది గగన్. జీపీఎస్‌కు ఉపగ్రహం ద్వారా దిద్దుబాట్లు పంపే మన సొంత వ్యవస్థ, ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టింది. నిలువు దిశలో కూడా దారి చూపే అప్రోచ్‌లకు 2015లో ఆమోదం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ దాని సాయంతో దిగింది. రన్‌వే దగ్గర దారి చూపే యంత్రమేదీ పెట్టక్కర్లేదు.

రష్యా మూలాలున్న విమానాల్లో పీఆర్ఎంజీ అనే ఇంకో పద్ధతి కూడా ఉంటుంది. పని తీరులో ఐఎల్ఎస్‌కు దాయాది లాంటిది, ఫ్రీక్వెన్సీలు వేరు, ఒకదాని రిసీవర్ రెండోదానికి పనికిరాదు. ఒకే స్థావరానికి పాత మిగ్, కొత్త రవాణా విమానం, శిక్షణ జెట్ వచ్చిపోతుంటే అన్నిటికీ ఉమ్మడిగా మిగిలేది రేడియో. పీఏఆర్ ఇన్నేళ్ళు బతికింది అందుకే.

అంకెలు పక్కపక్కన పెడితే

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం పీఏఆర్ 15 చదరపు మీటర్ల ప్రతిఫలన వైశాల్యం (రాడార్‌కు ఎంత పెద్దదిగా కనిపిస్తుందో ఆ లెక్క) ఉన్న విమానాన్ని కనీసం 9 నాటికల్ మైళ్ళ (ఇక్కడ మైలంటే ఇదే) దూరం నుంచి చూడగలగాలి. చిత్రం సెకనుకు ఒకసారైనా కొత్తది కావాలి. అడ్డంగా తప్పు యాంటెన్నా నుంచి ఉన్న దూరంలో 0.6 శాతం, నిలువుగా 0.4 శాతం, వాటికి తోడు విమానం గీత నుంచి జరిగిన దానిలో పదో వంతు దాటకూడదు. గీత మీదే ఉన్న విమానానికి ఒక మైలు దూరంలో ఇది అడ్డంగా 11 మీటర్లు, నిలువుగా ఏడున్నర మీటర్లు. (మరీ దగ్గరకొచ్చాక అడ్డంగా 9, నిలువుగా 6 మీటర్ల కంటే తక్కువ అడగరు.)

సెకనుకు ఒకసారి అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. 140 నాట్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 72 మీటర్లు కదులుతుంది. తిరిగే సర్వైలెన్స్ రాడార్ నాలుగైదు సెకన్లకు ఒకసారి చూస్తుంది, అంటే రెండు చూపుల మధ్య విమానం 300 మీటర్ల పైన జరిగిపోతుంది. అందుకే ఆ అప్రోచ్‌ను మామూలుగా టచ్‌డౌన్‌కు 2 మైళ్ళ ముందే ఆపేస్తారు, అక్కడ కనీస ఎత్తు 350 అడుగులకు తగ్గదు. అర మైలు దాకా తీసుకెళ్ళే అనుమతి ఉన్నచోట్ల కూడా 250 అడుగులే హద్దు. పీఏఆర్‌కూ, మామూలు స్థాయి (కేటగిరీ 1) ఐఎల్ఎస్‌కూ డిసిషన్ హైట్, అంటే అక్కడికి వచ్చినా రన్‌వే కనిపించకపోతే మళ్ళీ పైకి లేవాల్సిన ఎత్తు, 200 అడుగులు. అమెరికా సైన్యంలో పీఏఆర్‌తో 100 అడుగుల దాకా దిగే స్థావరాలున్నాయి. గగన్‌తో 250 అడుగులు అనుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. 15 చదరపు మీటర్లన్నది పెద్ద విమానం లెక్క. ఎదురుగా ముక్కు చూపిస్తూ వచ్చే చిన్న ఫైటరో, శిక్షణ జెట్టో 3 చదరపు మీటర్లే ఉందనుకుందాం. రాడార్ దూరం ప్రతిఫలన వైశాల్యపు నాలుగో మూలాన్ని బట్టి తగ్గుతుంది. వైశాల్యం ఐదో వంతైతే దూరం మూడింట రెండు వంతులు, అంటే 9 మైళ్ళు 6 అవుతాయి. 0.3 చదరపు మీటర్ల డ్రోన్ అయితే మూడున్నర మైళ్ళ లోపలికి వచ్చేదాకా కనిపించదు. అమ్మేవాళ్ళ కాగితం మీద "20 మైళ్ళు" అని కనిపిస్తే, ఎంత వైశాల్యానికి, వానలోనా ఎండలోనా అని అడగండి. ఈ రెండు మాటలు లేని దూరానికి అర్థం లేదు.

టాక్‌డౌన్ ఎలా నడుస్తుంది, ఎక్కడ తప్పుతుంది

సర్వైలెన్స్ రాడార్ చూసే కంట్రోలర్ విమానాన్ని టచ్‌డౌన్‌కు 8–10 మైళ్ళ దూరంలో, సమతలంగా, సెంటర్‌లైన్‌కు దగ్గరి హెడింగ్‌లో (ముక్కు చూపే దిశలో) నిలబెట్టి పీఏఆర్ కంట్రోలర్‌కు అప్పగిస్తారు. రెండో కంట్రోలర్ మొదట చేయాల్సింది గుర్తుపట్టడం. తన స్కోపు మీది చుక్క, అప్పగించిన విమానం ఒకటేనా? ఒకే ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి దారి) మీద ఇద్దరున్నప్పుడు ముందు వచ్చినవాడికి చెప్పాల్సింది వెనకవాడికి చెప్పడం ఈ పద్ధతిలో అన్నిటికంటే భయంకరమైన తప్పు. ఎందుకంటే పైలట్‌కు సరిచూసుకోడానికి సూది లేదు.

గ్లైడ్ పాత్ తగలడానికి 10–30 సెకన్ల ముందు "అప్రోచింగ్ గ్లైడ్ పాత్" అంటారు, తగలగానే "బిగిన్ డిసెంట్". ఇక అక్కడి నుంచి పైలట్ జవాబివ్వక్కర్లేదు. అతని రేడియో నోరు మూసుకుని వింటుంది. "ఆన్ సెంటర్‌లైన్, ఆన్ గ్లైడ్ పాత్... స్లైట్‌లీ రైట్ ఆఫ్ సెంటర్‌లైన్... టర్న్ లెఫ్ట్ త్రీ డిగ్రీస్..." అంటూ మాట తెగకుండా సాగుతుంది, ప్రతి మైలుకూ దూరం చెబుతారు. మాటల మధ్య ఐదు సెకన్ల మౌనం వస్తే రేడియో తెగినట్టే. పైలట్ తనంతట తాను మళ్ళీ పైకి లేచిపోవాలి. దిగడానికి టవర్ అనుమతి టచ్‌డౌన్‌కు 2 మైళ్ళ దూరానికి చేరకముందే అందాలి. చివరి 2 మైళ్ళలో చుక్క కాసేపు మాయమైనా, ఎక్కడుందో అనుమానం వచ్చినా మిస్డ్ అప్రోచ్ (దిగడం మానేసి పైకి లేచిపోవడం) తప్ప దారి లేదు.

కొత్త కంట్రోలర్లు చేసే తప్పు దాదాపు ఒకటే: పెద్ద దిద్దుబాట్లు. 2 మైళ్ళ లోపల 10 డిగ్రీల మలుపు ఇస్తే, అది గాలితో కలిసి అవతలికి దాటించేస్తుంది, మళ్ళీ ఇవతలికి లాగాలి. గుంటకలో ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టు కాదు, పగ్గం తాకీ తాకనట్టు ఉండాలి. దగ్గరికొచ్చేకొద్దీ 2, 3 డిగ్రీలకు మించి తిప్పనివ్వకూడదు. ఎత్తు విషయంలో కంట్రోలర్ అంకె చెప్పరు, గీతకు పైనా కిందా, దగ్గరవుతున్నావా దూరమవుతున్నావా అనేదే చెబుతారు. ఎంత వేగంగా దిగాలో పైలటే ముందుగా కట్టుకుని ఉంచుకుంటాడు. 3 డిగ్రీల దారికి సులువైన లెక్క: నేల వేగం నాట్లను 5తో గుణిస్తే నిమిషానికి అడుగులు. 140 నాట్లకు 700, ఫైటర్ 160కి వస్తే 800 పైన.

దిశ చూపే గైరో చెడి హెడింగ్ తెలియని విమానానికి పీఏఆర్ ఇంకొక మేలు చేస్తుంది. డిగ్రీలు చెప్పకుండా "టర్న్ లెఫ్ట్... స్టాప్ టర్న్" అని చెబితే చాలు, ఫైనల్ మీద మలుపు సగం వేగంతో తిప్పుతారు. ఐఎల్ఎస్ సూది ఉన్నా హెడింగ్ లేని పైలట్‌కు దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. పీఏఆర్‌తో ఐఎల్ఎస్ పోటీ పడలేని చోట్లలో ఇదొకటి.

పీఏఆర్ ఓడేది రద్దీలో. 8 మైళ్ళ ఫైనల్ 140 నాట్లతో మూడున్నర నిమిషాలు పడుతుంది, ఆ సేపంతా ఒక కంట్రోలర్, ఒక ఫ్రీక్వెన్సీ ఒక్క విమానానికే అంకితం. ఇంధనం అయిపోవస్తున్న నాలుగు ఫైటర్లు ఒకేసారి తిరిగొస్తే నాలుగోవాడి వంతు రావడానికి పది నిమిషాల పైనే ఆగాలి. జంటలుగా, రెండోవాడు మొదటివాడి రెక్క పట్టుకుని దిగితే రెండు విడతల్లో అయిపోతుంది, కానీ మబ్బు మరీ చిక్కగా ఉంటే ఆ రెక్క కూడా కనిపించదు. ఐఎల్ఎస్ మీద 5 మైళ్ళ ఎడంతో ఒకరి వెనక ఒకరు వస్తే రెండు నిమిషాలకొకరు దిగిపోతారు.

2000 మీటర్ల రన్‌వే మీద ఎక్కడ పెట్టాలి

పీఏఆర్‌ను మామూలుగా రన్‌వే మధ్య ప్రాంతంలో, సెంటర్‌లైన్‌కు 120 నుంచి 185 మీటర్ల పక్కన, టచ్‌డౌన్ నుంచి 900–1200 మీటర్ల దూరంలో పెడతారు. తిరుగుడు బల్ల మీద ఉంటే అక్కడి నుంచే రెండు చివరలకూ పనికొస్తుంది. ఐఎల్ఎస్‌కు ఒక్కో చివరకూ ఒక్కో జత కావాలి.

ఓర్వకల్లు కొలతతో చూడండి. రెండు టచ్‌డౌన్ చోట్లూ రన్‌వే కొసల నుంచి 300 మీటర్ల లోపల అనుకుంటే వాటి మధ్య 1400 మీటర్లు. సరిగ్గా మధ్యలో పెడితే ఒక్కోదానికి 700 మీటర్లే దూరం. 120 మీటర్ల పక్కన పెట్టిన యాంటెన్నా నుంచి ఆ టచ్‌డౌన్ సెంటర్‌లైన్ దిశకు 9.7 డిగ్రీల పక్కన కనిపిస్తుంది. రాడార్ చూసేది అటు 10, ఇటు 10. అంటే చూపు అంచున వేలాడుతోంది. ఇంకో 30 మీటర్లు వెనక్కి, 150 మీటర్లకు జరిపితే కోణం 12 డిగ్రీలు, టచ్‌డౌన్ చిత్రంలోంచి జారిపోతుంది. యాంటెన్నా దిశను కొంచెం లోపలికి తిప్పి సర్దుకోవచ్చు, కానీ ఆ తిప్పిన కోణం స్కోపులోని గీతలకు కూడా చేరాలి. 200 అడుగుల డిసిషన్ హైట్ చోటు టచ్‌డౌన్‌కు 1160 మీటర్ల ముందుంటుంది. అక్కడికి కోణం ఐదు డిగ్రీల లోపే కాబట్టి అసలు పని చెడదు. చెడేది ఆ తర్వాత టచ్‌డౌన్ దగ్గరి చివరి భాగమే. పొట్టి రన్‌వేకి ఒక చివరనే ఎంచుకుని యాంటెన్నాను అవతలికి జరపడం మంచిది.

ఇక పునాది. కర్నూలు, కడప జిల్లాల్లో నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు బారుతుంది. ఇంటి గోడలు పగిలేది ఎందుకో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. రాడార్ విషయంలో పగులు కనిపించదు, వంపు కనిపిస్తుంది. దిమ్మె 0.1 డిగ్రీ వాలితే 5 మైళ్ళ దూరంలో గ్లైడ్ పాత్ 16 మీటర్లు, అంటే 53 అడుగులు మారుతుంది. నిలువు దిశలో మొత్తం అనుమతే 0.4 శాతం, డిగ్రీల్లో 0.23. వాలు ఒక్కటే దాదాపు సగం తినేస్తుందన్నమాట. అందుకే రేగడి కింద గట్టి నేల తగిలేదాకా పైల్ వేయాలి, లేదా రేగడి తీసేసి మొరం నింపాలి. సంచార పీఏఆర్ లారీ అయితే జాకీల కింద పలకలు పెట్టి, మొదటి వాన పడ్డాక మళ్ళీ లెవెల్ చూడాలి. రన్‌వే పక్కన కొలిచిన చోట్ల నిలబెట్టే కార్నర్ రిఫ్లెక్టర్లు ఇందుకే. స్కోపు మీద వాటి చుక్క గుర్తు మీద లేకపోతే యాంటెన్నా కదిలిందని అర్థం. షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఈ ఒక్క తనిఖీ మానేస్తే మిగతా తనిఖీలన్నీ వృథా.

ఐఎల్ఎస్ నేలను ఇంకోలా అడుగుతుంది. గ్లైడ్ పాత్ యాంటెన్నా ఎదుట నేల నుంచి ప్రతిఫలించే తరంగం కూడా దారి కట్టడంలో భాగమే, కాబట్టి వందల మీటర్ల మేర చదునుగా ఉండాలి. ఓర్వకల్లు చుట్టుపక్కల రాతినేలను అలా చదును చేయడమే పెద్ద ఖర్చు. లోకలైజర్ ముందు ట్రాక్టరో, నిలబెట్టిన విమానమో ఉంటే సూది వణుకుతుంది. పీఏఆర్‌కు ఆ బాధ లేదు, చూపుకు అడ్డం రాకుంటే చాలు.

కడప కొండలు, అనంతపురం గాలిమరలు

కడప చుట్టూ పాలకొండలు, లంకమల, కాస్త దూరంగా నల్లమల. ఇలాంటి చోట పీఏఆర్ దిగే దారిని చూస్తుంది గానీ, విమానాన్ని ఆ దారి మొదటికి తేవాల్సిన సర్వైలెన్స్ రాడార్‌కు కొండల వెనక భాగం చీకటే. కొండ ఉన్న దిశ నుంచి దిగాల్సి వస్తే దారిని 3.5 డిగ్రీలకు పెంచుకోవచ్చు. కొత్త పీఏఆర్‌లలో అది కీబోర్డు మీద మార్చే అంకె. ఐఎల్ఎస్‌లో అయితే యాంటెన్నాల ఎత్తు మార్చి, మళ్ళీ విమానంతో కొలిపించాలి. అయితే 160 నాట్లకు 3.5 డిగ్రీలంటే నిమిషానికి 1000 అడుగుల దగ్గరికి పోతుంది. పైలట్‌కు చివర్లో ఎత్తడానికి సమయం తగ్గుతుంది.

అనంతపురం వైపు గుట్టల మీద గాలిమరలు దండిగా ఉన్నాయి. వాటి రెక్క కొస వేగం సెకనుకు 70–80 మీటర్లు, సరిగ్గా దిగబోయే విమానం వేగమే. కదలని వస్తువులను చెరిపేసే ఎంటీఐ వడపోతకు గాలిమర రెక్క, విమానం ఒకలాగే కనిపిస్తాయి. చుట్టూ చూసే సర్వైలెన్స్ రాడార్‌కు ఇది తలనొప్పి. సన్నని పీఏఆర్ కిరణంలో మర పడాలంటే అది దాదాపు ఫైనల్ కిందే ఉండాలి, అక్కడ ఎటూ కట్టనివ్వరు.

వాతావరణం మాట. ఢిల్లీ పొగమంచు మనకు లేదు. రాయలసీమలో చూపు తగ్గేది తొలకరి ముందు దుమ్ముగాలుల్లో, తుఫాను అంచుల ముసుర్లలో, శీతాకాలం తెల్లవారుజామున. కాబట్టి ఇంకా కిందికి దిగనిచ్చే కేటగిరీ 2 ఐఎల్ఎస్ కోసం డబ్బు పోయడం ఇక్కడ దండగ. కానీ వాన పీఏఆర్‌కు నేరుగా తగులుతుంది. ఎక్స్ బ్యాండ్‌లో గంటకు 50 మిల్లీమీటర్ల వాన ఒక్కో కిలోమీటరుకు ఒకటి, ఒకటిన్నర డెసిబెల్ మింగుతుంది. పోయి రావడానికి రెట్టింపు. ఐదు కిలోమీటర్ల వాన తెర అడ్డం ఉంటే రాడార్ చూసే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా చినుకులే తెల్లగా స్కోపు నింపేస్తాయి. సర్క్యులర్ పోలరైజేషన్ మీట వేస్తే గుండ్రటి చినుకుల ప్రతిధ్వని చాలావరకు పోతుంది, విమానం ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. పెద్ద చినుకులు పడుతూ చదునవుతాయి కాబట్టి మన జడివానలో ఆ మేలు కొంత తక్కువే. మీట వాన రాకముందే వేసి చూసి పెట్టుకోవాలి. వానలో చుక్క మాయమయ్యాక వెతుక్కునే పని పెట్టుకోకూడదు. ఐఎల్ఎస్‌కు, గగన్‌కు ఈ వాన లెక్కలోకి రాదు, ఎస్ బ్యాండ్ సర్వైలెన్స్ రాడార్‌కు తగిలేది చాలా తక్కువ.

గగన్‌కు శత్రువు వేరే. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ కలత చెంది సంకేతాలు మిణుకుమంటాయి. సైన్యానికి ఇంకో భయం జామింగ్, అంటే శత్రువు ఆ సంకేతాలను అడ్డుకోవడం. గుర్తుంచుకోవాల్సిన మరో తేడా: ఉపగ్రహ దిద్దుబాటు లేకుండా బారోమీటర్ ఎత్తుతో దిగే దారి వేడికి మారుతుంది. సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తున, 40 డిగ్రీల ఎండలో, 3 డిగ్రీల దారి నిజానికి 3.3 దాకా నిటారవుతుంది. పీఏఆర్ గ్లైడ్ పాత్ జ్యామితి కాబట్టి ఎండకు మారదు. డిసిషన్ హైట్ మాత్రం పైలట్ ఆల్టీమీటర్ మీదే చూస్తాడు, కాబట్టి క్యూఎన్‌హెచ్ (ఆల్టీమీటర్‌లో పెట్టుకునే గాలి పీడనం అంకె) తప్పుగా ఇస్తే పీఏఆర్ కూడా కాపాడదు.

అయితే ఏది

ప్రతి విమానంలో ఐఎల్ఎస్ రిసీవర్ ఉండి, రన్‌వే శాశ్వతమైతే ఐఎల్ఎస్ పెట్టండి, ఆలోచించక్కర్లేదు. మన సైనిక విమాన స్థావరాల ఆధునీకరణ పథకం, మొదటి దశలో 30, 2020లో ఒప్పందమైన రెండో దశలో 37 స్థావరాలకు, కేటగిరీ 2 ఐఎల్ఎస్‌నే తీసుకుంది. కొద్దిపాటి ఏటీఆర్‌లు దిగే ఓర్వకల్లు లాంటి చోటికి గగన్ అప్రోచ్ ముందు గీయించుకోవడం తెలివైన పని.

పీఏఆర్ ఎంచుకోవాల్సింది రకరకాల విమానాలు వచ్చిపోయే స్థావరానికి, శిక్షణ కేంద్రానికి, లేదా కొద్ది రోజుల కోసం వెళ్ళే చోటికి. అద్దంకి దగ్గర హైవే మీద కట్టిన 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే లాంటిచోట, 2024 మార్చిలో ఫైటర్లతో విన్యాసాలు చేసినట్టు చేయాలంటే, లోకలైజర్ పాతి కూర్చోలేం. లారీ మీద వచ్చే పీఏఆర్ అక్కడ సరిపోతుంది. సర్వైలెన్స్ రాడార్ అప్రోచ్‌ను ఎంపికగా లెక్కించకండి. అది ఎలాగూ ఉంటుంది, మిగతావి చెడినప్పుడు పనికొస్తుంది.

కానీ మనుషులు లేకపోతే పీఏఆర్ కొనకండి. షిఫ్టుకు ఇద్దరు టాక్‌డౌన్ కంట్రోలర్లు, మూడు షిఫ్టులు, సెలవులు, జబ్బులు కలిపితే తొమ్మిది పది మంది కావాలి, మరమ్మతు సిబ్బంది వేరే. వాళ్ళంతా మంచి వాతావరణంలో కూడా రోజూ నిజమైన విమానాలను దించుతూ ఉండాలి. ఎండ కాస్తున్న రోజున పైలట్లు టాక్‌డౌన్ అడగడం మానేస్తే, మబ్బు పట్టిన రోజున ఆ గొంతు తడబడుతుంది. వారానికి నాలుగు విమానాలు దిగే చోట పది మంది చేతులు తిరిగే మార్గమే లేదు.

కొనడానికే నిర్ణయించుకుంటే, తీసుకునేటప్పుడు పెట్టాల్సిన పరీక్షలు ప్రదర్శన రోజు చూపించేవి కావు. ఉన్నవాటిలో చిన్న విమానాన్ని పంపమనండి, పెద్దదాన్ని కాదు. వాన రోజున చూపించమనండి. రన్‌వే దిశ మార్చమని, యాంటెన్నా తిరగడం మొదలైనప్పటి నుంచి కొత్త దిశ గీతలు, టచ్‌డౌన్ దూరం స్కోపు మీదికి వచ్చేదాకా గడియారం పెట్టండి. యాంటెన్నా తిరిగి గీతలు పాతవే మిగలడం చేత్తో మార్చే రకాల్లో జరిగే తప్పే. రాడార్ పరికరాలుండే షెల్టర్‌లో ఏసీ ఆపి మే నెల మధ్యాహ్నం అరగంట నడపమనండి. చివరిగా, విమానం 3 మైళ్ళ దగ్గర ఉండగా, వాతావరణం బాగున్న రోజున, కరెంటు తీసేయండి. జనరేటర్ అందుకునేలోపు పది పదిహేను సెకన్లు పడుతుంది, ఆ సేపు చిత్రాన్నీ రేడియోనూ బ్యాటరీ మోయాలి. చాలాచోట్ల చిత్రం నిలుస్తుంది, రేడియో వేరే లైను మీద ఉండి పోతుంది. పైలట్‌కు ఐదు సెకన్ల మౌనం.